స్టేట్ బ్యాంకు తొలి మహిళా ఛైర్మన్ అరుంధతి భట్టాచార్య: గోదావరి డెల్టా పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల బ్యాంకు శాఖల్లో చాలాకాలం పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన నన్ను, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయిలూ, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్ని ఆమె ఉద్యోగ జీవితానికి సంబంధించినవి, కొన్ని ఆమె నిర్ణయాల వల్ల మన ఊళ్లలో ఏం జరిగిందో తెలుసుకోవాలని రైతులు అడిగినవి. ‘ఛైర్మన్’ అనే మాటను నేను మార్చలేదు. స్టేట్ బ్యాంకు చట్టంలో ఆ పదవికి ఉన్న పేరు అదే.

అరుంధతి భట్టాచార్య ఎవరు?

1956 మార్చి 18న కోల్‌కతాలో పుట్టి, ఉక్కు కర్మాగారాల ఊళ్లయిన భిలాయిలోనూ బొకారోలోనూ పెరిగి, 1977 సెప్టెంబరులో ప్రొబేషనరీ ఆఫీసరుగా భారతీయ స్టేట్ బ్యాంకులో చేరి, 36 ఏళ్ల తర్వాత, 2013 అక్టోబరు 7న, అదే బ్యాంకుకు ఛైర్మన్ అయిన మహిళ ఆమె. మూడేళ్ల పదవీకాలాన్ని ప్రభుత్వం మరో ఏడాది పొడిగించడంతో 2017 అక్టోబరు వరకు కొనసాగారు. స్టేట్ బ్యాంకు మూలాలు 1806లో కలకత్తాలో పెట్టిన బ్యాంకు దాకా వెళతాయి కనుక, రెండు శతాబ్దాలు దాటిన ఆ పరంపరలో అధిపతి స్థానంలో కూర్చున్న మొదటి మహిళ ఆమే. ఆమె తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన రజనీశ్ కుమార్, దినేశ్ ఖారా, చల్లా శ్రీనివాసులు శెట్టి ముగ్గురూ పురుషులే.

మన దేశంలో బ్యాంకును నడిపిన మొదటి మహిళ కూడా ఆమేనా?

కాదు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ ఒక్క విషయంలో చాలా గందరగోళం కనిపిస్తుంది కనుక కొంచెం వివరంగా చెప్పాలి. ఎగుమతి దిగుమతుల బ్యాంకు, అంటే ఎగ్జిమ్ బ్యాంకుకు 1993లో తర్జనీ వకీల్ అధిపతి అయ్యారు. అయితే అది మనమూ మీరూ వెళ్లి ఖాతా తెరుచుకునే బ్యాంకు కాదు, ఎగుమతిదారులకు అప్పులిచ్చే ప్రభుత్వ ఆర్థిక సంస్థ. జనం డబ్బు దాచుకునే ప్రభుత్వ రంగ బ్యాంకు పగ్గాలు పట్టిన మొదటి మహిళ రంజనా కుమార్. 2000లో ఆమెకు అప్పగించిన ఇండియన్ బ్యాంకు అంతకుముందు కొన్నేళ్లుగా భారీ నష్టాల్లో కూరుకుపోయి, మూసేస్తారా, మరో బ్యాంకులో కలిపేస్తారా అన్న చర్చల్లో నలుగుతూ ఉండేది. దానిని ఆమె మళ్లీ లాభాల్లోకి తెచ్చారు. అరుంధతి పేరు తెలిసినంతగా రంజనా కుమార్ పేరు మన విద్యార్థులకు తెలియకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

ప్రైవేటు రంగంలో 2009లోనే ఐసీఐసీఐ బ్యాంకుకు చందా కొచ్చర్, యాక్సిస్ బ్యాంకుకు శిఖా శర్మ అధిపతులయ్యారు. 2013 నాటికి అలహాబాద్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇండియా, యునైటెడ్ బ్యాంకు కూడా మహిళల చేతుల్లోనే ఉన్నాయి. కాబట్టి అరుంధతి విషయంలో ‘స్టేట్ బ్యాంకుకు తొలి మహిళా ఛైర్మన్’ అని రాస్తేనే సరైన సమాధానం అవుతుంది.

అమెరికా సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. అక్కడి అతిపెద్ద బ్యాంకుల్లో ఒకదానికి మహిళ అధిపతి కావడం 2021లో, సిటీ గ్రూపుకు జేన్ ఫ్రేజర్ వచ్చినప్పుడు గానీ జరగలేదు. చిన్న బ్యాంకుల లెక్క వేరు. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగరంలో మ్యాగీ లీనా వాకర్ అనే నల్లజాతి మహిళ, ఒక పరస్పర సహాయ సంఘం సభ్యుల చిల్లర పొదుపులను మూలధనంగా చేసుకుని 1903లోనే ‘సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు’ పెట్టి దానికి అధ్యక్షురాలయ్యారు. డ్వాక్రా సంఘంలో నెలనెలా పొదుపు కట్టిన మన ఆడవాళ్లకు ఆ కథలో వివరించి చెప్పాల్సినదేమీ ఉండదు.

ఆమె బీకాం గానీ ఎంబీఏ గానీ చదివారా?

రెండూ చదవలేదు. కోల్‌కతాలోని లేడీ బ్రబోర్న్ కళాశాలలోనూ, తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోనూ ఆమె చదివినది ఆంగ్ల సాహిత్యం. బ్యాంకు పని బ్యాంకులోనే నేర్చుకున్నారు. “మా అమ్మాయి బీఏ తెలుగు, బ్యాంకుకు పనికొస్తుందా?” అని అడిగే తల్లిదండ్రులకు సమాధానం ఇక్కడే ఉంది.

ఆఫీసరుగా చేరిన వారు ఛైర్మన్ దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి?

ప్రొబేషనరీ ఆఫీసరు చేరేది స్కేల్ ఒకటిలో. అక్కడి నుంచి స్కేల్ ఏడు వరకు, అంటే జనరల్ మేనేజరు వరకు ఏడు అంచెలు. స్టేట్ బ్యాంకులో ఆ పైన చీఫ్ జనరల్ మేనేజరు, డిప్యూటీ మేనేజింగ్ డైరెక్టరు, మేనేజింగ్ డైరెక్టరు, చివరకు ఛైర్మన్. ఏటా కొన్ని వందల మంది, ఒక్కోసారి రెండు వేల మంది దాకా మొదటి మెట్టు మీద అడుగు పెడితే, వారిలో మేనేజింగ్ డైరెక్టర్లయ్యేది ఇద్దరో ముగ్గురో. ప్రతి రెండు మూడు మెట్లకు ఒక ఊరు మారాలి, చాలాసార్లు రాష్ట్రమే మారాలి. పల్లె శాఖల్లో పనిచేసిన అనుభవం లేకుండా పై మెట్లు ఎక్కడం కూడా సాధ్యం కాదు.

ఆ 36 ఏళ్లలో ఆమె చేసిన పనులేమిటి?

ఒకే పనిలో స్థిరపడిపోకపోవడమే ఆమె ఉద్యోగ జీవితంలో కొట్టొచ్చినట్టు కనిపించే సంగతి. విదేశీ మారకం, ట్రెజరీ, రిటైల్ బ్యాంకింగ్, మానవ వనరులు అన్నీ ఆమె చేతుల మీదుగా నడిచాయి. న్యూయార్క్ కార్యాలయంలో ఉండగా బయటి ఆడిట్‌నూ, ఇతర బ్యాంకులతో సంబంధాలనూ చూశారు. చీఫ్ జనరల్ మేనేజరుగా బెంగళూరు సర్కిల్‌ను, అంటే ఆ ప్రాంతపు శాఖలన్నింటినీ నడిపారు. బ్యాంకు కొత్త వ్యాపారాల విభాగంలో ఉన్నప్పుడు జనరల్ ఇన్సూరెన్స్, సెక్యూరిటీల కస్టడీ (మదుపరుల షేర్లు, బాండ్లు భద్రపరచడం) వంటి అనుబంధ సంస్థలు మొదలుకావడంలో భాగమయ్యారు. తర్వాత పెద్ద కంపెనీలకు పెట్టుబడుల సేకరణలో తోడ్పడే ఎస్‌బీఐ క్యాపిటల్ మార్కెట్స్‌కు అధిపతి అయ్యారు. ఛైర్మన్ కావడానికి ముందు బ్యాంకు మేనేజింగ్ డైరెక్టరుగా, ముఖ్య ఆర్థిక అధికారిగా ఉన్నారు.

ఈ వరుసను పేర్ల జాబితాలా చదివితే దాని అసలు విలువ తెలియదు. డిపాజిట్లు తెచ్చే శాఖ, ఆ డబ్బును రాత్రికి రాత్రి మార్కెట్లో తిప్పే ట్రెజరీ, ఉద్యోగుల బదిలీలు చూసే విభాగం, కంపెనీలకు అప్పులు కూర్చే సంస్థ, ఇవన్నీ ఒకే బ్యాంకులోని వేర్వేరు లోకాలు. ఒక లోకంలో ముప్ఫై ఏళ్లు గడిపిన వారికి పక్క లోకంలోని వారి భాష కూడా అర్థం కాదు. ఆమె వాటన్నింటిలోనూ కొంతకాలం చొప్పున ఉన్నారు. పెళ్లయిన ఆడవాళ్లకు ‘అనుకూలం’ అని పై అధికారులు దయతో ఇచ్చే టేబుళ్లు కొన్ని ప్రతి కార్యాలయంలోనూ ఉంటాయి. వాటికే పరిమితమై ఉంటే ఇంత వెడల్పు వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఇల్లు, పిల్లలు, బదిలీలు ఎలా నెగ్గుకొచ్చారు?

అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవారిలో అబ్బాయిల తల్లిదండ్రులు ఒక్కరూ ఉండరు.

ఆమె భర్త ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఆచార్యుడిగా పనిచేశారు. ఆయన ఉద్యోగం ఒకచోట ఉండేది, ఆమె ఉద్యోగం ఊరూరా తిప్పేది కనుక, కాపురం చాలాకాలం రెండు ఊళ్లలో సాగింది. లక్నోకు బదిలీ అయినప్పుడు కూతురికి అక్కడి బడుల్లో సీటు దొరకక ఉద్యోగమే మానేద్దామనుకున్నానని, అంతకుముందు తనకు పై అధికారిగా ఉన్న ఒకరు సర్దిచెప్పడంతో ఆ ఆలోచన విరమించుకున్నానని ఆమె తర్వాత చెప్పారు. అప్పటికి ఆమె చిన్న అధికారి కాదు, ఉద్యోగంలో చేరి పాతికేళ్లు దాటింది. అయినా ఒక్క స్కూలు సీటు ఆమె ప్రయాణాన్ని ఆపేసేంత పని చేసింది.

మన డెల్టాలో నేను చూసినది దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. క్లర్కుగా చేరిన అమ్మాయి పదేళ్లలో శాఖ పని అంతా ఒంటి చేత్తో నడపగలిగేంత దిట్ట అవుతుంది. బంగారం తాకట్టు రుణాల నుంచి డ్వాక్రా సంఘాల లెక్కల దాకా మేనేజరు ఆమెనే అడుగుతాడు. పదోన్నతి పరీక్ష రాయమని చెబుతాడు కూడా. ఆమె రాయదు. రాసి నెగ్గినా వద్దని కాగితం ఇస్తుంది. ఎందుకంటే ఆఫీసరయితే తణుకు నుంచి ఏ ఒడిశాకో, మహారాష్ట్రకో వెళ్లాల్సి వస్తుంది, ఇంట్లో అత్తమామలున్నారు, పిల్లవాడు పదో తరగతి, భర్తకు రొయ్యల చెరువులో, రైసుమిల్లులో వదిలి రాలేని పని. ఆమె స్థానంలో ఉన్న క్లర్కు అబ్బాయి అదే కాగితం ఇవ్వడం చాలా అరుదు. పైస్థాయిలో ఆడవాళ్లు లేరని ఆశ్చర్యపడేవారు లెక్క మొదలుపెట్టాల్సింది ఈ కాగితం దగ్గరే. దీన్ని ఆ అమ్మాయి ధైర్యలోపంగా చూసే ఉపన్యాసాలు నేను చాలా విన్నాను. బదిలీ ఉత్తర్వు వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఏ మాటలు జరుగుతాయో విననివారు చేసే ఉపన్యాసాలవి.

ఉద్యోగినుల కోసం ఆమె ఏమైనా చేశారా?

పిల్లల సంరక్షణ కోసం, పెద్దల అనారోగ్యం వంటి అవసరాల కోసం మహిళా ఉద్యోగులు రెండేళ్ల వరకు సెలవు తీసుకుని, తిరిగి అదే ఉద్యోగంలో చేరే వెసులుబాటు ఆమె కాలంలోనే వచ్చింది. జీతం ఉండదు గానీ ఉద్యోగం పోదు. ఇంటి నుంచి పనిచేసే విధానాన్నీ తెచ్చారు. కరోనాకు ముందు ఒక ప్రభుత్వ బ్యాంకులో ఈ మాట ఎత్తడమే వింత. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఉద్యోగినులకు ఉచితంగా టీకా వేయించే ఏర్పాటు కూడా జరిగింది. లక్నో అనుభవానికీ, ఆ రెండేళ్ల సెలవుకూ మధ్య ఉన్న దారం కంటికి కనిపిస్తూనే ఉంది కదా.

స్టేట్ బ్యాంకు ఛైర్మన్‌ను ఎవరు ఎంపిక చేస్తారు?

చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకును సంప్రదించి కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. ఆనవాయితీ ప్రకారం అప్పటికి పదవిలో ఉన్న మేనేజింగ్ డైరెక్టర్ల నుంచే ఒకరిని తీసుకుంటారు. 2013లోనూ అదే జరిగింది. ఇప్పుడు అభ్యర్థులతో మాట్లాడి పేరు సిఫారసు చేసే పని ఆర్థిక సేవల సంస్థల బ్యూరోది.

ఆమె వచ్చేనాటికి బ్యాంకు ఎలా ఉంది? మొండి బకాయిలు ఆమె వల్లనే పెరిగాయా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెబితే అన్యాయం అవుతుంది. 2008కి ముందూ వెనకా దేశమంతటా ఉక్కు, విద్యుత్తు, రోడ్లు వంటి పెద్ద ప్రాజెక్టులకు బ్యాంకులు ధారాళంగా అప్పులిచ్చాయి. బొగ్గు, భూమి, అనుమతులు అందక చాలా ప్రాజెక్టులు మధ్యలో ఆగాయి. వాటిని మొండి బకాయిలుగా చూపకుండా గడువులు పొడిగిస్తూ, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు ఇస్తూ నెట్టుకొచ్చారు. మన దగ్గర కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చిన బాకీకి ఏటేటా నోటు తిరగరాసినట్టే. తిరగరాసినంత కాలం అది వసూలు కాని బాకీ అని ఎవరూ అనరు.

2015లో రిజర్వు బ్యాంకు అన్ని పెద్ద బ్యాంకుల ఖాతాలనూ తానే తిరగేసి, ఏవి నిజంగా మొండివో వాటిని మొండివిగానే చూపాలని పట్టుబట్టింది. ఆస్తుల నాణ్యత సమీక్ష అంటే అదే. దాంతో దాగి ఉన్నది బయటపడి, స్టేట్ బ్యాంకు స్థూల మొండి బకాయిలు 2016 మార్చి నాటికి మొత్తం అప్పుల్లో 6.50 శాతానికి, 2017 మార్చి నాటికి 6.90 శాతానికి చేరాయి. ఆమె పదవిలో ఉండగా అంకెలు పెరిగిన మాట నిజం. ఆ అప్పుల్లో అధికభాగం అంతకుముందే ఇచ్చినవన్న మాటా నిజం. అయితే 36 ఏళ్లుగా అదే బ్యాంకులో ఉండి, పెద్ద కంపెనీలకు అప్పులు కూర్చే అనుబంధ సంస్థకు కూడా అధిపతిగా ఉన్న వ్యక్తికి లోపల ఏముందో తెలియదని ఎలా అనగలం? ఆమె తన మొదటి రెండేళ్లలోనే ఆ మూటను తనంతట తాను విప్పి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. మిగతా ప్రభుత్వ బ్యాంకుల పరిస్థితి అంతకంటే ఘోరంగా ఉండేదన్నది మాత్రం ఒప్పుకోవాలి. 2016లో దివాలా చట్టం వచ్చాక, 2017లో రిజర్వు బ్యాంకు పన్నెండు భారీ ఖాతాలను ఆ చట్టం కిందకు పంపమని ఆదేశించింది. అప్పుల పోటు తట్టుకోవడానికి మూలధనం కావాలి కనుక, 2017 జూన్‌లో సంస్థాగత మదుపరులకు వాటాలు అమ్మి రూ. 15,000 కోట్లు సమీకరించారు.

రుణమాఫీ మీద ఆమె ఏమన్నారు? మన రైతులకు ఎందుకు కోపం వచ్చింది?

2017 మార్చిలో, రైతుల రుణమాఫీ వల్ల అప్పు తీర్చే క్రమశిక్షణ దెబ్బతింటుందనీ, ఈసారి బ్యాంకుకు ప్రభుత్వం డబ్బు కట్టినా, మాఫీ పొందినవారు తర్వాతి ఎన్నికల దాకా మళ్లీ మాఫీ కోసం ఎదురుచూస్తారనీ ఆమె అన్నారు. దేశమంతటా విమర్శలు వచ్చాయి, మహారాష్ట్ర శాసనసభలో హక్కుల ఉల్లంఘన నోటీసు కూడా ఇచ్చారు. మన దగ్గర 2014లో ఒక్కో కుటుంబానికి రూ. 1.5 లక్షల వరకు మాఫీ పథకం ప్రకటించి, ఆ డబ్బు విడతలుగా వస్తుందా రాదా అని రైతులు బ్యాంకుల చుట్టూ తిరుగుతున్న రోజులవి. “పెద్ద కంపెనీల వేల కోట్లు కనపడలేదు గానీ మా దాళ్వా (రబీ పంట) అప్పు కనపడిందా?” అన్న మాట ఆ రోజుల్లో నేను కౌంటరు దగ్గర విన్నాను. జవాబుగా, కంపెనీ అప్పును ఖాతా పుస్తకాల్లో రద్దు చేయడం వేరు, మాఫీ వేరు, రద్దు చేసినా వసూలు చేసే హక్కు బ్యాంకుకు ఉంటుందని చెప్పేవాడిని. చెప్పినది సరైనదే. అవతలి వారికి అది సమాధానంగా అనిపించలేదన్నదీ అంతే నిజం.

ఆమె మాటలోనూ రైతు కోపంలోనూ కనపడని మూడో మనిషి ఒకడున్నాడు. గోదావరి డెల్టాలో పొలం దున్నేది ఎక్కువగా కౌలు రైతు. పట్టాదారు పాసు పుస్తకం భూయజమాని పేరున ఉంటుంది, పంట రుణం అతనే తీసుకుంటాడు, కాబట్టి మాఫీ కూడా అతనికే దక్కుతుంది. కౌలుదారు తెచ్చినది ఎక్కువ వడ్డీకి బయటి అప్పు. దాన్ని మాఫీ చేసేవారు లేరు, క్రమశిక్షణ గురించి ఉపన్యసించేవారూ లేరు, ఎందుకంటే అది ఏ బ్యాంకు లెక్కలోకీ రాదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాదంటూ సార్వాకు (ఖరీఫ్‌కు) పంట విరామం ప్రకటించినప్పుడు కూడా ఎక్కువగా నలిగినవాడు అతనే. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టాలు 2011లో ఒకటి, 2019లో ఒకటి వచ్చాయి. యజమాని ఒప్పుకోలు లేకుండా కార్డు రావడం కష్టం, కార్డు ఉన్నా ఆ భూమి మీద యజమాని అప్పు అప్పటికే ఉంటే బ్యాంకు మరో అప్పు ఇవ్వడం ఇంకా కష్టం. ముంబైలోని కేంద్ర కార్యాలయం నుంచి చూస్తే ఈ మనిషి కనిపించడు. అది ఆమె ఒక్కరి లోపం కాదు, ఆ కుర్చీ అంత ఎత్తులో ఉంటుంది.

నోట్ల రద్దు సమయంలో స్టేట్ బ్యాంకు శాఖల మీద అంత ఒత్తిడి ఎందుకు పడింది?

2016 నవంబరు 8న రాత్రి రూ. 500, రూ. 1,000 నోట్లు రద్దయ్యేనాటికి మన డెల్టాలో సార్వా కోతలు మొదలయ్యే వేళ. కూలీలకు రోజువారీ నగదు కావాలి. వారం తిరగకముందే, నవంబరు 14న, జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు పాత నోట్లు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు ఆంక్ష పెట్టింది. దాంతో సహకార సంఘాల ద్వారా లావాదేవీలు జరుపుకునే రైతులంతా వాణిజ్య బ్యాంకుల గుమ్మం ముందుకు వచ్చారు. అందరికంటే ఎక్కువ శాఖలున్నది స్టేట్ బ్యాంకుకే. నిర్ణయం ఆమెది కాదు, బరువు మాత్రం ఆమె సంస్థ మీదే ఎక్కువగా పడింది.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌ను కలిపేసింది ఆమేనా?

అవును, విలీనం జరిగినది ఆమె హయాంలోనే, కేంద్ర ప్రభుత్వ ఆమోదంతో. 2017 ఏప్రిల్ 1న హైదరాబాద్, మైసూర్, తిరువాన్కూర్, పటియాలా, బికనీర్ అండ్ జైపూర్ అనే ఐదు అనుబంధ బ్యాంకులతోపాటు భారతీయ మహిళా బ్యాంకు కూడా స్టేట్ బ్యాంకులో కలిశాయి. సౌరాష్ట్ర, ఇందౌర్ బ్యాంకులు అంతకుముందే, 2008లోనూ 2010లోనూ కలిశాయి. విలీనం తర్వాత బ్యాంకుకు సుమారు 37 కోట్ల మంది ఖాతాదారులు, 24,000కు దగ్గరగా శాఖలు ఏర్పడి, ప్రపంచంలోని మొదటి యాభై పెద్ద బ్యాంకుల్లో అది చేరింది.

నిజాం పాలనలో 1941లో పుట్టిన హైదరాబాద్ బ్యాంకుకు ప్రధానంగా బలమున్నది తెలంగాణలో. మన వైపు ఖాతాదారులకు దీనివల్ల ఎదురైన చిక్కు ఐఎఫ్‌ఎస్ కోడు మారడం, పాత చెక్కుబుక్కులు చెల్లకపోవడం వరకే. 2013 నవంబరు 19న ఎంతో ఆర్భాటంగా, రూ. 1,000 కోట్ల మూలధనంతో మొదలైన మహిళా బ్యాంకు నాలుగేళ్లు నిండకముందే ఒక మహిళ అధిపతిగా ఉన్న బ్యాంకులో కలిసిపోవడం మాత్రం చాలామంది గమనించకుండా వదిలేసిన విశేషం.

ఖాతాలో కనీస నిల్వ లేదని డబ్బు కోసింది ఆమె కాలంలోనేనా?

ఆమె కాలంలోనే. ఐదేళ్లుగా లేని ఆ రుసుమును 2017 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ పెట్టారు. నెలవారీ సగటు నిల్వ మహానగరాల్లో రూ. 5,000, నగరాల్లో రూ. 3,000, చిన్న పట్టణాల్లో రూ. 2,000, పల్లెల్లో రూ. 1,000 ఉండాలన్నారు. జన్‌ధన్ ఖాతాలకు మినహాయింపు ఉంది. ఆ ఖాతాల నిర్వహణ ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా అన్నది బ్యాంకు వాదన. లేసు అల్లి నెలకు నాలుగు డబ్బులు దాచుకునే నరసాపురం ఆడవాళ్ల మామూలు సేవింగ్స్ ఖాతాలు మాత్రం ఆ మినహాయింపులోకి రాలేదు. అదే ఏడాది అక్టోబరులో నిబంధన కొంత సడలించి, పింఛనుదారులనూ మైనర్లనూ మినహాయించారు. 2020 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు. ఆమె నాలుగేళ్లలో నాకు సమర్థించబుద్ధి కాని నిర్ణయం ఇదొక్కటే.

ఆమె జీతం ఎంత?

2016–17 ఆర్థిక సంవత్సరానికి రూ. 28.96 లక్షలు. అదే కాలంలో ప్రైవేటు బ్యాంకుల అధిపతులు కోట్లలో తీసుకున్నారు.

పదవీ విరమణ తర్వాత ఏం చేశారు?

2018లో రిలయన్స్ ఇండస్ట్రీస్ బోర్డులో స్వతంత్ర డైరెక్టరుగా చేరారు. 2020 ఏప్రిల్‌లో సేల్స్‌ఫోర్స్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థ భారత విభాగానికి ఛైర్‌పర్సన్‌గా, ముఖ్య కార్యనిర్వహణాధికారిగా బాధ్యతలు తీసుకున్నారు. అరవై నాలుగేళ్ల వయసులో, తాను ఎన్నడూ పనిచేయని రంగంలో. 2022లో తన జ్ఞాపకాలను ఆంగ్లంలో పుస్తకంగా ప్రచురించారు. 2025లో పద్మశ్రీ వచ్చింది.

తెలుగు మహిళలు ఎవరైనా ఈ స్థాయికి చేరారా?

చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంకాం చదివిన పద్మజ చుండూరు 1984లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి, అమెరికాలో ఆ బ్యాంకు కార్యకలాపాలకు అధిపతిగా పనిచేసి, 2018లో ఇండియన్ బ్యాంకుకు మేనేజింగ్ డైరెక్టరు అయ్యారు. అలహాబాద్ బ్యాంకు ఇండియన్ బ్యాంకులో కలిసినది ఆమె హయాంలోనే, 2020 ఏప్రిల్ 1న. రంజనా కుమార్ నిలబెట్టిన బ్యాంకును పద్దెనిమిదేళ్ల తర్వాత నడిపినది ఒక తెలుగు మహిళ అన్నమాట.

మన డెల్టావారికి సంబంధించిన మరో ముచ్చట. గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది కదా. ఆ యూనియన్ బ్యాంకుకు 2022 జూన్‌లో ఎ. మణిమేఖలై తొలి మహిళా అధిపతి అయ్యారు. మన ఊళ్లలో ఇప్పటికీ ‘ఆంధ్రా బ్యాంకు’ అనే పిలుచుకునే శాఖలన్నీ అలా మూడేళ్లపాటు ఒక మహిళ ఏలుబడిలో నడిచాయి. చాలామంది ఖాతాదారులకు ఆ సంగతే తెలియదు.

మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. క్లర్కు పరీక్ష రాయించాలా, ఆఫీసరు పరీక్ష రాయించాలా?

రెండూ రాయించండి. ఆఫీసరు పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు, వయసు 21 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ప్రిలిమ్స్, మెయిన్స్, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి. స్టేట్ బ్యాంకు తన పరీక్ష తానే పెట్టుకుంటుంది, మిగతా ప్రభుత్వ బ్యాంకులకు ఐబీపీఎస్ అనే సంస్థ పెడుతుంది. క్లర్కు పరీక్షను తెలుగులో రాయవచ్చు. ఆఫీసరు పరీక్ష మాత్రం ఆంగ్లంలో గానీ హిందీలో గానీ రాయాలి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు వెనకాడేది ఇక్కడే కనుక, ఇంగ్లిషుకు ఒక ఏడాది ముందు నుంచే రోజుకు గంట కేటాయిస్తే ఈ అడ్డు దాటవచ్చు.

క్లర్కుగా చేరితే సొంత రాష్ట్రంలోనే, చాలాసార్లు ఇంటికి దగ్గరలోనే ఉండవచ్చు. ఆఫీసరుగా చేరితే దేశంలో ఎక్కడికైనా పంపుతారు. ఏది మంచిదో మీ అమ్మాయినే అడగండి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అవతలివారితో జీతం సంగతి, లాంఛనాల సంగతి మాట్లాడుకున్నట్టే, బదిలీ వస్తే ఏం చేద్దామన్న సంగతి కూడా ముందే మాట్లాడుకోండి.

క్లర్కుగా చేరితే ఇక అంతేనా?

కాదు. నిర్ణీత సర్వీసు తర్వాత శాఖాపరమైన పరీక్షల ద్వారా ఆఫీసరు కావచ్చు. ఒకసారి వద్దని కాగితం ఇస్తే కొంతకాలం వరకు మళ్లీ అవకాశం రాదు, కనుక ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు బ్యాంకు ఉద్యోగుల సంఘం వారిని అడిగి ఆ గడువెంతో రాతపూర్వకంగా తెలుసుకోండి.